పదహారు ఆదివారాలు: ఒక నగరవనంలో కళాకారుల రెసిడెన్సీ (కేస్ స్టడీ)

ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేశాను. పదవులు ఒకటి రెండు చోట్ల మార్చాను. నెల్లూరు జిల్లాలో ఒక పట్టణం, దాని అంచున అటవీశాఖ చేతిలో ఉన్న నగరవనం. అంతవరకు తెలిస్తే చాలు. తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. ఈ కేసులో తప్పు జరిగిందీ, దిద్దుకున్నదీ చాలావరకు తేదీల దగ్గరే.

నేపథ్యం

పట్టణాల అంచుల్లో మిగిలిన అటవీ భూమికి కంచె వేసి, నడకదారులు వేసి, జనానికి తెరిచే నగరవన పథకాన్ని కేంద్రం 2020లో మొదలుపెట్టింది. 10 నుంచి 50 హెక్టార్ల వనాల కోసం పెట్టిన పథకం. మా వనం అందులో చిన్నవాటి లెక్కలోకి వస్తుంది. అంతకుముందు ఊరివాళ్లు దాన్ని చిట్టడివి అనేవాళ్లు. బలుసు, కలివి, రేగు పొదలు, నడుమ అక్కడక్కడ పాలచెట్లు, తాటిచెట్లు, వానలకు నిండి ఎండాకాలానికి తగ్గిపోయే ఒక కుంట. పడమటి వైపంతా సర్కారు తుమ్మ. పథకం వచ్చాక ముందువైపు గేటు, టికెట్ గది, వాకింగ్ ట్రాక్, ఉయ్యాలలు, ఒక సిమెంటు జింక వచ్చాయి. వెనక మూడొంతులు ఎప్పటిలాగే ఉండిపోయింది. ఆ మూడొంతులే ఈ కేసుకు ముఖ్యం.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నేలపట్టు, పులికాట్ పక్షుల అభయారణ్యాలు రెండూ తిరుపతి జిల్లాకు పోయాయి. గూడబాతులూ రాజహంసలూ అటు పోయాక మన జిల్లాలో చూపించుకోడానికి ఏముందనే మాట ఆ రోజుల్లో ఏ మీటింగులో కూర్చున్నా వినిపించేది. అలాంటి ఒక మీటింగులో ఒక అధికారి, "మన వనానికి కూడా ఏదో ఒక ప్రత్యేకత ఉండాల మేడం. ఆర్టిస్టులకు ఏదన్నా చేద్దాం," అన్నారు. చిత్రకళా శిబిరాలు నడపడం నా పని, ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాను. నేను "రెసిడెన్సీ చేద్దాం," అన్నాను. ఆ మాటను తెలుగులో చెప్పి ఉంటే మాకు ఏడాదిన్నర కలిసొచ్చేది. "నివాసం" అని ఉంటే ఎవరు, ఎక్కడ, ఎన్ని రాత్రులు ఉంటారని అక్కడికక్కడే ఎవరో ఒకరు అడిగేవాళ్లు. రెసిడెన్సీ అనేసరికి అందరూ తలూపారు.

మాట వెనక ఉన్న ఇల్లు

రెసిడెన్సీ అంటే కళాకారుడికి కొంతకాలం చోటు, తిండి, తీరిక ఇచ్చి తన పని తనను చేసుకోనివ్వడం. అమెరికాలో కొన్ని నేషనల్ పార్కులు ఇలా కళాకారులను పిలిచి, అడవిలో ఒక చిన్న ఇల్లు ఇచ్చి కొన్ని వారాలు ఉండనిస్తాయి. నా తలలో ఉన్న బొమ్మ అదే. మనకు దగ్గర్లో మద్రాసు పక్కన చోళమండలం ఉంది. అక్కడ 1966లో చిత్రకారులే భూమి కొనుక్కుని, ఇళ్లు కట్టుకుని ఊరు చేసుకున్నారు. రెండు పద్ధతులకూ పోలిక లేదు. ఒక్కటి మాత్రం రెండింటిలోనూ ఉంది, ఇల్లు. మా వనంలో లేనిది, రానిది అదొక్కటే.

మా మొదటి ప్రతిపాదనలో రెండు కుటీరాలు, ఒక స్టూడియో షెడ్డు ఉన్నాయి. డివిజన్ ఆఫీసులో దాన్ని చదివిన గుమస్తా నవ్వాడు. అటవీ భూమిలో అడవికి సంబంధం లేని కట్టడం కట్టాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి కావాలి. రెండు కుటీరాల కోసం ఢిల్లీ దాకా ఫైలు నడిపే ఓపిక ఎవరికుంటుంది? ఇప్పుడు ఆలోచిస్తే ఆ అనుమతి రాకపోవడం మా అదృష్టం. వనంలో ఏసీ పెట్టిన కుటీరం ఒకసారి లేచాక అందులో ఎవరు దిగుతారో మన అందరికీ తెలుసు. చిత్రకారుడికి తాళంచెవి దొరికేది ఏడాదికి వారం.

కుటీరాలు పోయాక గుడారాలు అడిగాను. రేంజర్ ఒప్పుకోలేదు. "దీపం పెడితే పురుగులన్నీ అక్కడికే చేరతాయి. చలికి ఎవరో ఒకరు చితుకులు అంటిస్తారు. రక్తపింజర్లు తిరిగే చోటు మేడం ఇది. రాత్రిపూట ఏదన్నా అయితే సస్పెండయ్యేది నేను." నాలుగు కారణాల్లో నాలుగోది ఆయన మనసులో మొదటిది. దాన్ని దాచకుండా చెప్పినందుకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది. మొదటి మూడూ కూడా నిజాలే.

అప్పటికి సమస్య ఇలా తేలింది. రాత్రి బస లేదు. కట్టడం లేదు. ఇక మన జిల్లాలో చిత్రకారులంటే ఎక్కువమంది స్కూళ్లలో డ్రాయింగు మాస్టర్లు. వాళ్లకు వరసగా సెలవులు దొరికేది వేసవిలో, దసరాకు, సంక్రాంతికి. దసరా సెలవులు వానలు మొదలయ్యే వేళ. మనకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. కాబట్టి మే, లేదంటే జనవరి. ఇదంతా మనుషుల క్యాలెండరు. అడవికి వేరే క్యాలెండరు ఉంటుందన్న ఆలోచన ఆ దశలో మాలో ఎవరికీ రాలేదు. నాతో సహా.

మొదటి ప్రయత్నం: మే 2022

నాకు తెలిసిన పద్ధతికే పోయాను. మూడు రోజుల శిబిరం, పన్నెండు మంది చిత్రకారులు, ఊళ్లో కల్యాణమండపంలో బస, పొద్దున వ్యానులో వనానికి. దీన్ని ఎంచుకోడానికి నా దగ్గరున్న కారణం ఒక్కటే, నడపడం వచ్చు. ఖర్చు తెలుసు, ఎవరిని పిలవాలో తెలుసు, పేపరులో ఫోటో వస్తుంది, అధికారులకు ఏదో జరిగినట్టు కనిపిస్తుంది. తరవాత అసలైన రెసిడెన్సీ అడగొచ్చని లెక్క వేసుకున్నాను.

మొదటి రోజే గేటు పక్కన వేపచెట్టుకు మేకులు కొట్టి ఫ్లెక్సీ కట్టారు. మైకు వచ్చింది. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి పదిన్నర. మన మే నెల పదిన్నర ఎలా ఉంటుందో నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. పాలెట్ మీద పిండిన ఆక్రిలిక్ రంగు కుంచె తడిపేలోపు పొర కట్టింది. పన్నెండుమందీ టికెట్ గది నీడలో ఒకే వరసలో ఈజిళ్లు వేసుకున్నారు, అడవికి వీపు పెట్టి. ఒంగోలు గిత్త వచ్చింది, కడవ ఎత్తుకున్న పడుచు వచ్చింది, బుద్ధుడి ముఖం వచ్చింది. పన్నెండింటిలో ఎనిమిది బొమ్మలు ఇంట్లో కూర్చుని కూడా వెయ్యగలిగినవే. వాళ్లను తప్పు పట్టను. మూడు రోజుల్లో, నలుగురు చూస్తుండగా, చివరి రోజుకు పూర్తి చేసి అప్పగించాలంటే ఎవరైనా చేతికి అలవాటైన బొమ్మే వేస్తారు. అప్పగించడం అనే షరతు పెట్టింది నేనే. బొమ్మలు ఆఫీసు గోడలకు కావాలన్నారు, సరేనన్నాను.

కుంచెలు కడిగిన నీళ్లు కుంటలో పోశారు. ఆక్రిలిక్ అంటే రంగు కలిపిన ప్లాస్టిక్కే కదా. మేలో ఆ కుంటలో మిగిలేది మోకాలి లోతు నీళ్లు. అందులో ఎన్ని నోళ్లు తాగుతాయో అప్పుడు తట్టలేదు.

మూడో రోజు జరిగింది చెప్పాలి. శిల్పి ఒకాయన వెనక గులకరాళ్ల మిట్ట మీద రాళ్లతో ఒక చుట్ట పేర్చాలనుకున్నాడు. వనంలో దొరికిన రాయి, వనంలోనే వదిలేస్తాం, ఎవరికీ నష్టం లేదు. శిబిరం మొత్తంలో మంచి ఆలోచన అదే అనుకున్నాను. ఆయన సగం పేర్చాక వనం కాపలా చూసే వాచర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఆడ తొక్కబాకండి సార్, గుడ్లు ఉండాయి." మాకెవరికీ కనపడలేదు. ఆయన కర్రతో చూపించాక కూడా కాసేపు కనపడలేదు. గులకరాళ్ల మధ్య గులకరాళ్ల రంగులోనే నాలుగు తీతువు గుడ్లు. గూడు అంటూ ఏమీ లేదు, నేల మీద చిన్న పల్లం. పొద్దుట్నుంచీ తల మీద ఒక పిట్ట గోల పెడుతూనే ఉంది. మేం దాన్ని వినసొంపుగా ఉందనుకున్నాం.

రాళ్లు తీసేశాం. మర్నాడు కూడా పిట్ట గుడ్ల మీదికి రాలేదని వాచర్ చెప్పాడు. ఆ తరవాత ఏమైందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తీతువుకు మార్చి నుంచే గుడ్లు పెట్టే కాలం. నేల మీద గుడ్లు పెట్టే పిట్ట ఉన్న వనంలోకి మే నెలలో పన్నెండు మందిని, మైకును, వ్యానును దింపాను. వన్యప్రాణి చట్టంలో వేట అనే మాట కింద పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం కూడా ఉందని ఆ తరవాతే చదివాను. చట్టం సంగతి అటుంచి, పిట్ట అరుస్తుంటే అది మనల్నే తిడుతోందని పోల్చుకోలేకపోయాను. అది నన్ను ఎక్కువ కాలం బాధించింది.

ఎందుకు విఫలమైందని రాసుకున్నప్పుడు మొదట ఎండ అని రాశాను, తరవాత కొట్టేశాను. శిబిరం అనేది ఫోటో కోసం పుట్టిన రూపం. దానికి జనం, ఫ్లెక్సీ, తెల్లారేసరికి పూర్తయ్యే బొమ్మ కావాలి. అడవికి ఆ మూడూ పడవు.

రెండో ప్రయత్నం: సంక్రాంతి, 2023

ఈసారి అన్నీ తిరగేశాను. నలుగురే మనుషులు, వారం రోజులు, జనవరి. వానలు వెళ్లి కుంట నిండుగా ఉంటుంది, పిట్టలు గుడ్ల మీద ఉండవు, గడ్డి ఇంకా ఎండలేదు కాబట్టి నిప్పు భయం తక్కువ. ఆక్రిలిక్ లేదు, ఆయిల్ లేదు. టర్పెంటైన్‌కు నిప్పంటుకునే గుణం ఉంది, పైగా ఆ గుడ్డలు ఎక్కడో ఒకచోట పారేస్తారు. కాగితం, బొగ్గు, పెన్సిలు, నీటిరంగులు మాత్రమే. నీటిరంగుల్లో కూడా కొన్నింటిలో కాడ్మియం ఉంటుంది. అందుకే కుంచె కడిగిన నీళ్లు సీసాలో పట్టుకుని బయటికి తేవాలన్నాం. అప్పగింత లేదు. ముఖ్య అతిథి లేరు.

కాగితం మీద ఇది సరైన రూపం. అయినా నిలబడలేదు. అందులో నా తప్పు కొంత ఉంది, నిడివి తప్పు కొంత.

నా తప్పు నిబంధనల కాగితం. పద్నాలుగు "చేయరాదు"లు రాసి, మొదటి రోజు సంతకం పెట్టించాను. మే నెల భయం ఇంకా నాలోంచి పోలేదు. నలుగురిలో పెద్దాయన, మా అందరికీ గురుస్థానంలో ఉన్న మనిషి, దాన్ని చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. "నలభై ఏళ్లు ఆయిల్స్ వేసినోణ్ణి అమ్మా. స్కూలు పిల్లోడి మాదిరి పెన్సిలు ఇస్తా ఉండావు," అన్నారు. మూడో రోజు పొద్దున భోగికి మనవళ్లు వస్తున్నారని వెళ్లిపోయారు. నిజంగానే వచ్చి ఉండొచ్చు.

ఇంకొకరు ఆ కాగితంలో లేని పని చేశారు. రాలిపోయిన గిజిగాడి గూళ్లు ఏరి సంచీలో వేసుకున్నారు, ఖాళీవే కదా అని. పాత గిజిగాడి గూళ్లలో వేరే చిన్నపిట్టలు కాపురం పెడతాయని వాచర్ చెప్పాకే మాకు తెలిసింది. తాటిమట్టకు ఇంకా వేలాడుతున్నవి రెండు కూడా సంచీలో ఉన్నాయి. పద్నాలుగు రాస్తే పదిహేనోది జరుగుతుంది. ఇది నేను అధికారుల మీద విసురుగా అనే మాట, ఆ రోజు నాకే వర్తించింది.

నిడివి సంగతి ఇంకా మౌలికమైనది. వారంలో మొదటి రెండు రోజులు చోటు వెతుక్కోడానికి పోతాయి. తరవాతి రెండు రోజులు అందరూ కుంటనే గీస్తారు, ఎందుకంటే అది బొమ్మలా కనిపిస్తుంది. పొద మాత్రం బొమ్మలా కనిపించదు. బలుసు పొద ముందు కూర్చుంటే మొదట ముళ్లు, ఆకులు కలిసిపోయిన ఒక గజిబిజి తప్ప ఏమీ ఉండదు. అందులో కొమ్మ ఎటు పోతోందో కంటికి చిక్కేసరికి వాళ్లు బస్సెక్కే రోజు వచ్చింది.

ఫిబ్రవరిలో వాచర్ ఫోన్ చేశాడు. "ఆ మాస్టారు ప్రతి ఆదివారం వస్తా ఉండాడు మేడం. టికెట్ కొనుక్కునే వస్తా ఉండాడు. రానీమంటారా?"

నలుగురిలో ఒకాయన ఆ ఊరి డ్రాయింగు మాస్టరే. శిబిరం అయిపోయిందని మేం అనుకున్నాం, ఆయన అనుకోలేదు. మరుసటి ఆదివారం వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. నోటుపుస్తకంలో ఒకే పాలచెట్టు ఆరుసార్లు ఉంది. మొదటి రెండు బాగున్నాయి, అంటే అందంగా ఉన్నాయి. ఆరోది అందంగా లేదు. చెట్టు మొదట్లో చెదపుట్ట, దాని చుట్టూ వేరు తిరిగిన తీరు, పడమటి కొమ్మ ఎండిపోయి తూర్పు కొమ్మ ఒక్కటే బరువు మోస్తున్న తీరు అందులో ఉన్నాయి. "ఏం సార్, ఇదే ఎందుకు?" అంటే, "వేరే దాని దగ్గరికి పోవాలనే ప్రతివారం వస్తా మేడం. దీని దగ్గర ఆగిపోతా," అన్నారు.

మాకు కావలసింది అక్కడ ఉంది. అడవిలో పడుకోవడం కాదు, అడవికి మళ్లీ రావడం. కుటీరం గురించి అంతగా కొట్టుకున్నాం. ఆయనకు వనం గేటు నుంచి ఇంటికి సైకిల్ మీద పదిహేను నిమిషాలు.

మూడో రూపం: 2023 నవంబరు నుంచి

పదహారు ఆదివారాలు, పొద్దున ఆరు నుంచి పదిన్నర దాకా. ఇదీ రూపం. లెక్కకు కారణం చెప్తాను. వానలు మొదలైన దగ్గర్నుంచి తీతువు గుడ్లకు దిగేదాకా మధ్యలో నాలుగు నెలల చిల్లర ఉంటుంది. పండగలూ తుపాన్లూ తీసేస్తే పదహారు వారాలు మిగులుతాయి. రోజులు అడవి క్యాలెండరు నుంచి, వారం మాస్టర్ల క్యాలెండరు నుంచి తీసుకున్నాం. వరస సెలవులు అక్కర్లేదు కాబట్టి ఉద్యోగం ఉన్నవాళ్లు కూడా రాగలరు. ఆదివారం పొద్దున వనంలో వాకర్లు ఎక్కువే, కానీ వాళ్లు ట్రాక్ దాటరు. మేం వెనక మూడొంతుల్లో ఉంటాం.

ముగ్గురిని తీసుకున్నాం. ఆ డ్రాయింగు మాస్టరు, ఒక తోలుబొమ్మల కళాకారుడు, ఉదయగిరి నుంచి చెక్క గరిటెలు చేసే ఒకామె. దరఖాస్తు ఒక పేజీ. అందులో అడిగినవి రెండే: ఎన్ని ఆదివారాలు రాగలరు, ఇప్పటిదాకా బయట కూర్చుని ఒకేచోట ఎంతసేపు పని చేశారు. అవార్డులు అడగలేదు. అడిగితే పెద్దల పేర్లు వస్తాయి. పెద్దలు పదహారు ఆదివారాలు రారు.

డబ్బు విషయంలో ఒక్క నిర్ణయం అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. శాలువాలకు, భోజనాలకు పోయే మొత్తాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి కళాకారుల రానుపోను ఖర్చులకు, రెండోది వాచర్ అదనపు గంటలకు పెట్టాం. అంతకుముందు రెండుసార్లూ ఆయన మాకోసం సెలవు రోజు పని చేశాడు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆయనా అడగలేదు. ఈసారి అడిగితే, "నాకు ఆదివారం చేపలకు పోతే నాలుగు డబ్బులు వస్తాయి మేడం. ఆ నాలుగు డబ్బులు ఎవరిస్తారు?" అన్నాడు. తన ఇష్టంతోనే చేస్తున్నాడనుకుని ఊరుకుంటే మొదటి నెల తరవాత ఆయన రావడం మానేసేవాడు, నేను నిర్లక్ష్యం అని రాసుకునేదాన్ని. ఆయన యానాదుల మనిషి. ఈ చిట్టడివి పక్కనే పుట్టాడు. ఆయనకు చెట్లూ పిట్టలూ తెలుసు కాబట్టి డబ్బు లేకుండా చెప్తాడనుకోవడం మనవాళ్లకు బాగా అలవాటు.

నిబంధనలు పద్నాలుగు నుంచి ఒకటికి దిగాయి. ఎక్కడ కూర్చోవాలో వాచర్ చెప్తాడు. అంతే. దీనికి రేంజర్ మొదట ఒప్పుకోలేదు. "కింది స్థాయి ఉద్యోగి నిర్ణయం రికార్డులో ఎట్టా పెడతాం?" అన్నారు. వాచర్ రోజూ రాసే బీటు పుస్తకంలోనే ఆ చోటు రాయమన్నాం. దాంతో పని జరిగిపోయింది.

తోలుబొమ్మ, చీకటి

తోలుబొమ్మలాటకు చీకటి కావాలి, తెర వెనక దీపం కావాలి. మాకు రెండూ కుదరవు. ఆయన్ను తీసుకోవాలా వద్దా అని చాలా ఆలోచించాను. చివరికి పనిని రెండుగా చీల్చాం. చూడటం వనంలో, ఆడటం బయట. ఆదివారాలు ఆయన పిట్టల నడక గీసుకునేవాడు. తీతువు పరిగెత్తి ఆగి, పరిగెత్తి ఆగే తీరు, కొంగ మెడ ముడుచుకునే తీరు. ఇంటికి పోయి మేకతోలు మీద కోసేవాడు. బొమ్మ కీళ్లు ఎక్కడ పడాలో తేల్చుకోడానికి ఆయనకు ఆరు ఆదివారాలు పట్టింది. మనిషి బొమ్మకు మోచెయ్యి ఎక్కడో తాతల నాటి నుంచి తెలుసు, తీతువు మోకాలు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదని నవ్వేవాడు.

ఆట వనం ఎదురుగా రోడ్డవతల స్కూలు ఆవరణలో జరిగింది. రాముడు లేడు, రావణుడు లేడు. తోలుబొమ్మలాటలో ఎప్పుడూ నవ్వించే పాత్రలు కేతిగాడు, బంగారక్క ఉన్నారు. కేతిగాడు వాకింగుకు వస్తాడు, ఫోన్లో పాటలు పెట్టుకుని. తీతువు వాణ్ణి వెంటబడి తిడుతుంది. బంగారక్క తీతువు పక్షం. వాకర్స్ అసోసియేషన్ వాళ్లే అందరికంటే ఎక్కువ నవ్వారు. మర్నాడు ట్రాక్ మీద పాటలు ఆగలేదు, కొంచెం తగ్గాయి.

గరిటె, సర్కారు తుమ్మ

ఉదయగిరి గరిటెలకు నర్ది, బిక్కి, కలివి, దేవదారు కర్ర వాడతారు, ఉదయగిరి దుర్గం కొండ నుంచి తెచ్చుకుని. ఆమె మొదటి రోజు మా వనంలో కలివి పొద చూసి దాని మొదలు పట్టుకుంది, చుట్టాన్ని చూసినట్టు. అది కొయ్యకూడదంటే ఆమెకు పని లేదు. ఇక్కడ మాకున్న దారి పడమటి వైపు సర్కారు తుమ్మ. బయటి దేశపు మొక్క, పాతుకున్న చోట గడ్డిని, పొదల్ని లేవనివ్వదు. ఎలాగూ శాఖవాళ్లు ట్రాక్ పక్కన దాన్ని కొట్టించి కుప్పలు వేస్తున్నారు. ఆ కుప్పల్లోంచి కర్ర తీసుకుని, వనంలోనే చెక్కి, చెక్కినవి వనంలోనే ఉంచడానికి అనుమతి అడిగాం. బయటికి పోదు కాబట్టి అమ్మకం ప్రశ్న రాదు. అయినా ఆ కాగితం చేతికి రావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఆమెకు మిగిలింది నాలుగు వారాలు.

ఆ తుమ్మ కర్ర ఆమెను ఏడిపించింది. "ఉలి మొండిదైపోతా ఉండాది మేడం. ఇది కర్ర కాదు, రాయి." పచ్చిదాన్ని చెక్కితే ఎండాక పగిలింది, ఎండినదాన్ని చెక్కబోతే ఉలి జారింది. చివరికి సగం ఎండిన కర్రను బాడిసతో మోటుగా తీర్చి, ఆకురాయితో నున్న చేసి ఏడు గరిటెలు చేసింది. లోపలి చేవ ముదురు ఎరుపు. ఒకటి టికెట్ గదిలో వాచర్ కూర వండుకోడానికి వాడుతున్నాడు. మిగిలినవి అక్కడే గోడకు ఉన్నాయి. ఉదయగిరి నుంచి ప్రతి ఆదివారం ఆరింటికి రావడం కుదరదని ముందే తెలిసి కూడా నేను ఆమెకు వేరే షెడ్యూలు వెయ్యలేదు. శనివారం సాయంత్రం వచ్చి ఊళ్లో మహిళా హాస్టల్లో ఉండి సోమవారం వెళ్లేలా మార్చింది ఆమే. పదహారు ఆదివారాల రూపం ఊరివాళ్లకు కుదురుతుంది, దూరం వాళ్లకు ఇంకో రూపం కావాలి. అది నా దగ్గర ఇంకా లేదు.

తుపాను, కోడ్

నవంబరు 5న మొదలైంది. 12న దీపావళి, ఎవరూ రాలేదు. డిసెంబరు 3 ఆదివారం మిచౌంగ్ వానలు. 5న తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేసరికి వనంలో సగం దారులు నీళ్లలో ఉన్నాయి, ఆరుసార్లు గీసిన పాలచెట్టు తూర్పు కొమ్మ విరిగి పడింది. 10న కూడా గేటు తెరవలేదు. జనవరి 14 భోగి. నాలుగు ఆదివారాలు పోయాయి. మార్చి 17తో పదహారు పూర్తయ్యాయి.

విరిగిన కొమ్మ దగ్గర మాస్టరు ఒక ఆదివారమంతా ఏమీ గీయకుండా కూర్చున్నారు. ఆ రోజు పని జరగలేదని రాయాలా అని వాచర్ ఫోన్లో అడిగాడు. జరిగిందని రాయమన్నాను. తరవాత ఆయన గీసిన పది పేజీలు విరిగిన చోటు గురించే. మార్చికల్లా అక్కడ చిగురు వేసింది. పాత పేజీ పక్కన కొత్త పేజీ పెడితే, ఆ చెట్టు బరువు ఎటు మోసేదో తుపానుకు ముందే మాస్టరు గీసి పెట్టిన సంగతి కనిపిస్తుంది. శాఖ దగ్గర ఆ చెట్టు ఫోటో ఒక్కటి కూడా లేదు.

చివర్లో ప్రదర్శన పెట్టి అధికారులను పిలుద్దామనుకున్నాం. మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. ప్రారంభోత్సవం లేదు, ఫ్లెక్సీ లేదు, ముఖ్య అతిథి లేరు. ముగ్గురి నోటుపుస్తకాలూ టికెట్ గదిలో బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని తిరగేయమని ఒక కాగితం అంటించాం. కోడ్ ఎత్తేసేదాకా అవి అక్కడే ఉన్నాయి. నేను నడిపిన ప్రదర్శనల్లో ఎక్కువ రోజులు నడిచింది అదే. దానికి కారణం నేను కాదు, ఎన్నికల సంఘం.

ఏం నేర్చుకున్నాను, ఏం తేలలేదు

ఇలాంటిది చేయాలనుకునే వాళ్లు నాకు ఫోన్ చేసినప్పుడు ముందుగా గది ఎక్కడ అని అడుగుతారు. వనానికి సైకిల్ దూరంలో ఎవరున్నారని అడగమంటాను. ఏ నెలలో నేల మీద గుడ్లుంటాయో, ఏ నెలలో గడ్డి అంటుకుంటుందో వాచర్‌ని అడిగి, మిగిలిన వారాలు లెక్కపెట్టమంటాను. ఆ లెక్క రాకముందు ఎవరినీ పిలవొద్దంటాను. మనం పెట్టే నియమాల కంటే చోటు తెలిసిన ఒక మనిషికి జీతం ఇచ్చి, అతని మాట వినడం చవక. రంగుల విషయంలో మాత్రం పట్టు వదలకండి. పెద్దవాళ్లు అలుగుతారు, అలగనివ్వండి. మా గురువుగారు ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఈ కేసులో నాకు పడిన ఖర్చుల్లో పెద్దది అదే.

ఫలితం వనానికి ఏమైంది అంటే ఒకటి చెప్పగలను. తోలుబొమ్మలాయన పుస్తకంలో తీతువులు ఎక్కడెక్కడ తిరిగాయో తేదీలతో ఉంది. దాన్ని చూపించి గులకరాళ్ల మిట్ట వైపు పోయే దారిని మార్చి నుంచి మూసేయించాం. మూడు నెలలు, ఒక తాడు, ఒక బోర్డు. బోర్డు మీద బొమ్మ ఆయనదే. ఆ తాడు వల్ల ఎన్ని పిల్లలు బతికాయో లెక్క మా దగ్గర లేదు.

తేలనివి రెండు. రేంజర్ బదిలీ అయ్యారు. కొత్తాయన ఫైలు తిరగేసి, "రెసిడెన్సీ అన్నారు, బిల్డింగ్ ఎక్కడ?" అని అడిగారు. మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. రెండోది వాచర్ జీతం. మా చేతిలో ఉన్న డబ్బు ఇంకో పదహారు ఆదివారాలకు సరిపోతుంది, ఆ తరవాతకు లేదు. శాఖ బడ్జెట్‌లో ఆ పనికి పద్దు లేదు. "ఏ పద్దు కింద రాయమంటారు మేడం?" అని ఆఫీసులో అడిగారు. "దారి చూపించినందుకు" అన్నాను. రాసుకున్నారు గానీ, కింద పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టారు.